ఖోఖో ఆడి కాదు, ఖాళీ కడుపుతో వచ్చి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మంగళవారం గ్రౌండులో ఎనిమిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయిన సంగతి ఊరంతా తెలుసు. ఫోన్ గ్రూపుల్లో ఎవరికి తోచింది వాళ్లు రాస్తున్నారు కాబట్టి జరిగింది నేనే చెబుతాను. ఖోఖోకి ముందు రెండో రౌండు పరుగెత్తుతూ కూలబడింది. పీఈటీ మేడమ్ నీడలో పడుకోబెట్టారు, తేరుకున్నాక ఆసుపత్రిలో చూపించాం. రక్తం తక్కువగా ఉందన్నారు. ఆ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి, అంత లేదు. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అంటే "టీ తాగానండీ" అంది. ఆ ఇంటివాళ్లను దయచేసి ఎవరూ ఏమీ అనకండి. మర్నాడు అదే క్లాసులో తిని వచ్చినవాళ్లని చేతులెత్తమంటే సగం చేతులు కూడా లేవలేదు.

ఆ సాయంత్రమే నలుగురు వచ్చి "ఆడపిల్లలకు ఈ పరుగులెందుకు, ఆ ఆటల పీరియడ్‌లో కూడా చదివించండి" అన్నారు. క్షమించాలి, ఆటల పీరియడ్ తీసేయను. పదో తరగతికి కూడా తీసేయను. ఎదిగే పిల్లలు రోజుకు 60 నిమిషాలైనా ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మనం వారానికి ఇస్తున్నది ఎంత? గ్రౌండులో సర్కారు తుమ్మ కొట్టించడానికి నేను రెండేళ్లు తిరిగాను. ఇప్పుడు అక్కడ ఆడపిల్లలు అరుచుకుంటూ పరుగెత్తుతుంటే ఆఫీసులో ఫైళ్లు పక్కన పెట్టి కిటికీ దగ్గర నిలబడతాను. ఒంగోలులో జిల్లా సెలక్షన్స్‌కి వెళ్లొచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి పొద్దున్నే సంగటి తిని వస్తుంది. లెక్కల్లోనూ తనే ఫస్టు. పేరు రాస్తే సిగ్గుపడుతుంది, లేకపోతే పెద్దక్షరాల్లో రాసేదాన్ని.

పొగాకు ఆకు రెలుపులు, ఆకు కాల్చే బ్యారన్ పనులు, తెల్లారకముందే చేలోకి పోవాలి. తెలుసు, మా నాన్నా పొగాకు రైతే. అయినా మా అమ్మ రాత్రి అన్నంలో మజ్జిగ పోసి, ఎర్రగడ్డ పెట్టి పోయేది. దానికి పొయ్యి వెలిగించే పని కూడా లేదు. గేటు ముందు బండి ఆపి, పిల్లాడి చేతిలో పది రూపాయలు పెట్టి, వాడు చిప్స్ కొనేదాకా ఆగే తీరిక మాత్రం చాలామందికి ఉంటోంది. రెండు వీధుల అవతల ఇళ్లవాళ్లు కూడా బండి మీదే దింపుతున్నారు. నడిపించండి, మీకు పెట్రోలు మిగులుతుంది.

బడిలో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్రలు "వేడి చేస్తాయి" అని మాన్పిస్తున్నారట. అవి రక్తానికే. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇస్తాం. విరేచనం నల్లగా అయితే భయపడకండి, ఇనుము వల్ల అంతే. తిన్న వెంటనే టీ ఇవ్వకండి, తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు. పెరట్లో మునగాకు ఉంటే పప్పులో వేసి పైన నిమ్మకాయ పిండండి, అప్పుడు బాగా పడుతుంది.

బడిలో ఇచ్చే రాగిజావ వేపచెట్టు మొదట్లో పారబోస్తున్న బాబులెవరో నాకు తెలుసు. ఆరో తరగతి పిల్లాడొకడు మాత్రం ఇంటి నుంచి కాగితంలో ఉప్పూ మిరియాల పొడీ పొట్లం కట్టి తెచ్చి, గుడ్డు వాసనంటే ముఖం తిప్పే పక్కవాడికి చల్లి తినిపిస్తున్నాడు. వారం రోజులుగా ఆ పక్కవాడి పళ్లెంలో గుడ్డు మిగలడం లేదు.

ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్రలు, ఆ రోజు ఎవరినీ మాన్పించకండి. పదో తరగతి సాయంత్రం క్లాసులు యథాతథం. సైకిళ్లకు తాళాలు వేయించండి.

సోమవారం నుంచి గ్రౌండులోకి దిగే ముందు పీఈటీ మేడమ్ ఒక్కొక్కరినీ "ఏం తిన్నావు?" అని అడుగుతారు. తినని పిల్లలకు ఉడకబెట్టిన శనగలు మేమే పెట్టి ఆ రోజుకు కూర్చోబెడతాం. తర్వాత మీకు ఫోన్ చేస్తాను. దయచేసి ఎత్తండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ప్రకాశం జిల్లా