చట్టం ఏ భాషలో రాశారన్నదే అసలు గొడవ

ఎడిటర్ గారికి నమస్కారం,

కొత్త దేశం అంటే జెండా, పాట, కరెన్సీ అనుకుంటాం కానీ అసలు తలనొప్పి కోర్టుల దగ్గర మొదలవుతుంది. ఇండోనేషియా పక్కనున్న చిన్న దేశం తూర్పు తైమూర్ సంగతే చూడండి. అంతకుముందు ఏలిన పోర్చుగల్ పోయాక 24 ఏళ్లు ఇండోనేషియా కింద ఉండి, 1999 ఓటింగ్‌లో విడిపోతామని చెప్పి, 2002 మే 20న స్వతంత్రం తెచ్చుకున్నారు. సొంత చట్టాలు రాత్రికి రాత్రి పుట్టవు కదా, అందుకే ఇండోనేషియా చట్టాలనే చాలాకాలం నడిపించారు, సొంత పీనల్ కోడ్ 2009లో, సివిల్ కోడ్ 2011లో గానీ రాలేదు.

ఇందులో తమాషా ఏంటంటే కొత్త చట్టాలు రాసింది పోర్చుగీసులో, జడ్జీలేమో చాలామంది ఇండోనేషియా భాషలో లా చదివినవాళ్లు, జనం ఇళ్లలో మాట్లాడుకునేది టెటుమ్ లేదా ఇంకేదో స్థానిక భాష! దాంతో బయటి దేశాల జడ్జీల మీద ఆధారపడ్డారు, 2014లో వాళ్లనీ ఒక్కసారిగా పంపించేశారు, నా ఉద్దేశంలో అది తొందరపాటే.

ఊళ్లలో మాత్రం పెద్దలు చాప పరిచి కూర్చుని తగువులు తీర్చే పద్ధతి ఇప్పటికీ ఉంది, మన రచ్చబండ లాంటిదే అనుకోండి. రాజ్యాంగం కూడా ఆచారాలని గుర్తిస్తానంది, కాకపోతే రాజ్యాంగానికి అడ్డం రాకూడదు. మరి ఆ చాప మీద ఆడవాళ్ల మాట ఎంతవరకు చెల్లుతుందో అడగాల్సిందే.

వాళ్లని చూసి నవ్వక్కర్లేదు లెండి, మన హైకోర్టు తీర్పు చేతికొస్తే మా నాన్న ఇంకా వకీలునే చదివి చెప్పమంటాడు.

ఇట్లు
ఒక పాఠకుడు, రాజమండ్రి