విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: హాస్టళ్లకు రాత్రిపూట వేసే తాళాల గురించి

గౌరవనీయ తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

జూన్‌లో కళాశాలలు తెరిచేసరికి ఇంటర్మీడియట్ మొదలుకొని ఇంజినీరింగ్ దాకా వేలాది మంది పిల్లలు ట్రంకుపెట్టెలతో, పరుపుచుట్టలతో జిల్లాల నుంచి హైదరాబాదుకూ వరంగల్‌కూ వచ్చి హాస్టళ్లలో చేరతారు. ఆ హాస్టళ్లలో అర్ధరాత్రి నిప్పంటుకుంటే పిల్లలు బయటపడే దారి గురించి మీ శాఖ తీసుకోదగిన ఒక నిర్ణయాన్ని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. విద్యార్థులు నిద్రపోయే ఏ భవనానికీ, ఏ అంతస్తుకూ, ఏ గదికీ బయటి నుంచి తాళం వేయరాదని స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. మిగిలిన జాగ్రత్తలన్నీ దీని తర్వాతివే.

నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తండ్రిని. కళాశాల పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క యాజమాన్యం మీద ఫిర్యాదు కాదు. మా అమ్మాయి ఉండే భవనం అపార్టుమెంటుగా కట్టి, తర్వాత హాస్టలుగా మార్చినది. కింద వాహనాలు, జనరేటరు, కరెంటు మీటర్ల బోర్డు, దాని పక్కనే వంటగది సిలిండర్లు ఉంటాయి. పైన ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర మడత గ్రిల్లు ఉంది. రాత్రి స్టడీ అవర్ ముగిశాక వార్డెన్ ఆ గ్రిల్లులకు తాళాలు వేయించి, గుత్తిని కింద వాచ్‌మన్ గదిలో మేకుకు తగిలిస్తారు. బాల్కనీలకు నిలువెత్తు ఇనుప కమ్మీలు, వాటి మీద పావురాల వల. గదిలో రెండంతస్తుల మంచాల మధ్య తాడు మీద ఆరేసిన బట్టలు, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు బకెట్లో పెట్టే హీటర్ రాడ్డూ ఇస్త్రీపెట్టే. మెట్ల మలుపులో మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి ఉంది గానీ, దాని ముల్లు ఎర్రగీత దగ్గరే పడిపోయి ఉంది, చీటీ మీద తేదీ చెరిగిపోయింది.

ఆ కింది భాగాన్నే మళ్లీ ఒకసారి చూడమని మనవి. మంట పుట్టడానికి ఎక్కువ అవకాశం ఉన్న వస్తువులన్నీ అక్కడే ఉన్నాయి, పైన పడుకున్న పిల్లలను విడిపించే తాళంచెవులూ అక్కడే ఉన్నాయి. వాటికీ పైనున్న పిల్లలకూ మధ్య ఉన్నది ఒక్క మెట్లదారి. మీటర్ల బోర్డు అంటుకుంటే పొగ ముందుగా ఎక్కేది ఆ మెట్లలోకే, అది పొగగొట్టంలా పనిచేసి నిమిషాల్లో పై అంతస్తును నింపేస్తుంది. అప్పుడు వాచ్‌మన్ నిద్ర లేచి, గుత్తి తీసుకుని, చీకట్లో ఆ పొగలో పైకి ఎక్కి, ఒక్కో అంతస్తు దగ్గర సరైన తాళంచెవి వెతుక్కోవాలన్నమాట.

ఈ భయం ఊహలో పుట్టింది కాదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో చనిపోయిన ఆరుగురూ వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన యువతీ యువకులు. వారిని బలిగొన్నది మంట కాదు, పొగ. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇల్లు అంటుకుని 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. అక్కడా బయటికి ఉన్నది ఒక్క ఇరుకు దారే, అక్కడా ప్రధానంగా చంపింది పొగే. నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపదు సరికదా, అందులోని కార్బన్ మోనాక్సైడ్ మత్తును ఇంకా పెంచుతుంది. 2024 ఏప్రిల్ 14న, సరిగ్గా దేశమంతా అగ్నిమాపక సేవా దినం జరుపుకునే రోజు తెల్లవారుజామున, రాజస్థాన్‌లోని కోటలో ఒక విద్యార్థుల హాస్టల్ అంటుకుని ఎనిమిది మంది గాయపడ్డారు. ప్రాణాలు పోలేదు కాబట్టి మనకు అది వార్తగా కూడా గుర్తులేదు.

తాళం వేసిన హాస్టల్‌లో ఏం జరుగుతుందో చూపడానికి మాత్రం దేశం దాటి వెళ్లాలి. 2001 మార్చిలో కెన్యాలోని క్యాంగులి మాధ్యమిక పాఠశాల వసతిగృహం కాలిపోయినప్పుడు 67 మంది బాలురు మరణించారు. ఉన్న రెండు తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఉంది, కిటికీలకు కమ్మీలు ఉన్నాయి. 2023 మే 21న దక్షిణ అమెరికా దేశమైన గయానాలోని మహ్దియాలో బాలికల వసతిగృహం తగలబడి 20 మంది చనిపోయారు. పిల్లలు రాత్రిళ్లు బయటికి వెళుతున్నారని అక్కడి నిర్వాహకురాలు తలుపులకు తాళాలు వేశారు, మంట లేచాక ఆ కంగారులో తాళంచెవులు దొరకలేదు. గోడ పగలగొట్టి కొందరిని బయటికి లాగవలసి వచ్చింది. ఫోను లాక్కున్నారన్న కోపంతో ఒక విద్యార్థినే నిప్పు పెట్టిందని తర్వాత అక్కడి అధికారులు చెప్పారు. ఫోన్లు లాక్కోవడమూ, తాళాలు వేయడమూ మన జూనియర్ కళాశాలల హాస్టళ్లలో రోజూ జరిగే పనులే కనుక ఈ సంఘటనను ప్రత్యేకంగా మీ దృష్టికి తెస్తున్నాను. కెన్యా ప్రభుత్వం 2008లో పాఠశాలల భద్రతా ప్రమాణాలు ప్రకటించినప్పుడు వసతిగృహం తలుపులు బయటివైపుకు తెరుచుకోవాలనీ, లోపల పిల్లలున్నప్పుడు బయటి నుంచి తాళం వేయరాదనీ, కిటికీలకు కమ్మీలు ఉండరాదనీ రాసింది. అది మనకన్నా ధనిక దేశమేమీ కాదు.

మన దగ్గర నిబంధనలు లేవని అనను, అవి కొలిచేది వేరొకటి అంటాను. 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం కింద నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. హైదరాబాదులో ఇన్ని అపార్టుమెంట్లు స్టిల్టు (వాహనాల కోసం స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన కింది భాగం) మీద ఐదంతస్తులతో ఆగిపోవడానికి ఆ 18 మీటర్ల గీత కూడా ఒక కారణం. పాఠశాలలకూ ఫంక్షన్ హాళ్లకూ వేరే కొలత ఉన్నా, అపార్టుమెంటుగా అనుమతి పొంది హాస్టలుగా మారిన భవనం కాగితాల మీద నివాసంగానే మిగిలిపోతుంది. ఒక కుటుంబం ఉండవలసిన ఫ్లాటులో ఎన్ని మంచాలు వేశారో, గ్రిల్లు తాళం ఎవరి దగ్గర ఉందో ఆ కొలతకు అందవు. 2016 జాతీయ భవన నియమావళి వసతిగృహాలను కుటుంబాలుండే ఇళ్ల నుంచి వేరుచేసి ప్రత్యేక తరగతిగా చూపుతుంది, బయటికి వెళ్లే తలుపులు లోపలి నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలనీ చెబుతుంది. నేను అడుగుతున్న ఉత్తర్వు ఆ ఒక్క వాక్యాన్ని ఎత్తుతో సంబంధం లేకుండా ప్రతి హాస్టలుకూ వర్తింపజేస్తే చాలు.

దీనికి అభ్యంతరం యాజమాన్యాల నుంచి కన్నా మా తల్లిదండ్రుల నుంచే ఎక్కువ వస్తుందని నాకు తెలుసు. చేర్చేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న భోజనం గురించి కాదు, ‘‘రాత్రి గేటుకు తాళం వేస్తారు కదండీ?’’ అనే. ఆడపిల్లల తల్లిదండ్రులుగా ఆ ఆందోళన అర్థం లేనిది కాదు. అయితే బయటివారు లోపలికి రాకుండా ఆపే తలుపూ, లోపలివారు బయటికి రాకుండా ఆపే తలుపూ ఒకటి కావు. వీధి గేటుకు కాపలా పెట్టుకోవచ్చు. అంతస్తు తలుపుకు లోపలి నుంచి చేత్తో తిప్పితే తెరుచుకునే గడియ పెట్టి, అది తెరిచిన వెంటనే వార్డెన్ గదిలో గంట మోగేలా చిన్న అలారం అమర్చుకోవచ్చు. పిల్లలు దొంగచాటుగా బయటికి వెళ్లినా తెలుస్తుంది, నిజంగా నిప్పంటుకుంటే ఎవరి అనుమతీ లేకుండా బయటపడతారు. ఇంటర్ హాస్టళ్లలో వసూలు చేస్తున్న ఫీజులతో చూస్తే దీని ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

తాళాల తర్వాత రావలసింది పొగను గుర్తించి మోగే అలారం, అది కూడా కారిడార్‌లో ఒకటి పెట్టి సరిపెట్టకుండా పిల్లలు నిద్రపోయే ప్రతి గదిలోనూ ఉండాలి. కమ్మీలున్న బాల్కనీల్లో కనీసం ఒకదానికి లోపలి నుంచి తెరిచే వీలుండాలి. సిలిండర్లూ జనరేటరూ మెట్ల దగ్గర నుంచి కదలాలి. వీటికి కొంత సమయం పడుతుందని ఒప్పుకుంటాను.

మాక్ డ్రిల్లుల గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఇప్పుడవి పగలు పదిగంటలకు మైదానంలో జరుగుతున్నాయి. ట్రేలో మంట వెలిగించి సిబ్బంది ఆర్పుతారు, పిల్లలు చప్పట్లు కొడతారు, ఫొటోలు పత్రికలకు వెళతాయి. మంటను ఆర్పడం పిల్లల పని కాదు, బయటికి నడవడం వారి పని. చేరిన మొదటి వారంలోనే, రాత్రి అందరూ పడుకున్నాక, లైట్లు ఆర్పి, ముందుగా చెప్పకుండా ఒకసారి గంట మోగించి, చివరి విద్యార్థి వీధిలోకి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి నోటీసు బోర్డు మీద పెట్టమనండి. ఆ ఒక్క అంకె తల్లిదండ్రులకు ఏ నిరభ్యంతర పత్రం కన్నా ఎక్కువ చెబుతుంది.

ప్రైవేటు హాస్టళ్లు న్యాయస్థానాలకు వెళతాయనీ, గడువులు అడుగుతాయనీ మీ అధికారులు చెప్పవచ్చు. ప్రభుత్వ గురుకులాలకూ సంక్షేమ వసతిగృహాలకూ ఆ అడ్డంకి లేదు, వాటి తాళంచెవులు ప్రభుత్వ ఉద్యోగుల చేతుల్లోనే ఉన్నాయి. కాబట్టి సంబంధిత సంక్షేమ శాఖలతో మాట్లాడి ముందు అక్కడ అమలు చేయించి, ఆ తర్వాత ప్రైవేటు కళాశాలల అనుబంధ గుర్తింపుకు దీనిని షరతుగా చేర్చమని కోరుతున్నాను. తరగతి గదులనూ ప్రయోగశాలలనూ చూసే తనిఖీ బృందం, పిల్లలు పడుకునే భవనం వేరే వీధిలో ఉన్నా సరే, అక్కడికీ ఒకసారి రాత్రిపూట వెళ్లి అంతస్తు తలుపును లోపలి నుంచి తెరిచి చూడాలి. ఉత్తర్వు మే నెలాఖరులోగా వెలువడితే కొత్త విద్యార్థులు చేరకముందే గడియలు మార్చుకునేందుకు యాజమాన్యాలకు వ్యవధి ఉంటుంది.

భవదీయుడు,
ఒక విద్యార్థిని తండ్రి,
హైదరాబాదు