వార్షిక నివేదిక, పరికరాల విభాగం: ఏరేటర్ మొరాయించిన కథ

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, తెలుగు బడి, బతుకమ్మ వివరాలు కార్యదర్శి గారి నివేదికలో చూడండి. పరికరాల విభాగం నాది కాబట్టి నేను రాసేదంతా మన సంఘం ఏరేటర్ (లాన్ నేలకు చిల్లులు వేసే యంత్రం) గొడవే. ఏడాదంతా నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం దాని గురించే మరి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట. మన కేరీ (అమెరికాలో నార్త్ కరోలినా) చుట్టుపక్కల నేల ఎర్ర బంకమట్టి. వేసవి దాటేసరికి సిమెంటు అరుగులా బిగుసుకుపోతుంది. మన లాన్లలో ఉన్నది ఎక్కువగా టాల్ ఫెస్క్యూ రకం గడ్డి. సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మధ్యలోపు నేలకు చిల్లులు వేసి విత్తనం చల్లితే అది బాగా పడుతుంది. అంటే అందరికీ ఆ నెలన్నరలోనే, అదీ శని ఆదివారాల్లోనే, ఉన్న ఒక్క యంత్రం కావాలి. అది ఒక్కరోజు మొండికేసినా వరసలో ఉన్నవాళ్లందరికీ టెన్షనే.

ఈసారి మొదటి శనివారమే మొండికేసింది. తాడు లాగీ లాగీ నా భుజం వాచింది. ఒకాయన స్పార్క్ ప్లగ్ పోయిందన్నారు, ఇంకొకాయన ఇంజిన్ పనైపోయిందని తేల్చేశారు. ప్లగ్ మార్చినా లాభం లేకపోయింది. చివరికి షాపుకి తీసుకెళ్తే అతను ట్యాంకు మూత తీసి వాసన చూసి నవ్వాడు. పోయిన సీజన్ గ్యాస్ (అంటే పెట్రోల్) అందులోనే ఉంది. ఇక్కడ పంపుల్లో దొరికే మామూలు గ్యాస్‌లో 10 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే గ్యాస్ జిగురుగా మారి, గ్యాస్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రాన్ని, అంటే జెట్‌ను, మూసేస్తుంది. ఆ గ్యాస్‌ను ట్యాంకులో వదిలేసింది ఎవరో కాదు, నేనే. కార్బ్యురేటర్ శుభ్రం చేయించిన ఖర్చు కోశాధికారి గారి పట్టికలో ఉంది, దాని బాధ్యత నాది. చోక్ (లోపలికి వెళ్లే గాలిని తగ్గించే మీట) వేసి ఉంచితేనే ఇంజిన్ ఆడి, తీయగానే ఆగిపోతోందంటే అనుమానించాల్సింది ముందు ఆ జెట్‌నే. ప్లగ్ సంగతి తరవాత.

రెండో ఫిర్యాదు: పది నిమిషాలు చక్కగా నడిచి ఆగిపోతోంది, కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతోంది. ట్యాంకు మూతలో గాలి లోపలికి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో పూడిపోతే గ్యాస్ కిందికి దిగదు. ఆగిన వెంటనే మూత కాస్త వదులు చేసి లాగి చూడండి. నడిచిందా, దొంగ దొరికినట్టే. మన మూతను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాను, మళ్లీ ఆ ఫోన్ రాలేదు.

మూడోది చెరువు వైపు ఇళ్ల నుంచి వచ్చింది. చదునులో బాగానే నడిచేది, వాలు మీదికి ఎక్కగానే టక్కున ఆగిపోయేది. పాపం, వాళ్లు రెండు వారాంతాలు పోగొట్టుకున్నారు. ఇంజిన్లో ఆయిల్ తగ్గితే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంది. మన యంత్రంలో ఆయిల్ కాస్త తక్కువగా ఉండటంతో, వాలులో అది ఒక పక్కకు ఒరగగానే ఆపేస్తోంది. ఈ ఇంజిన్‌కు పట్టే ఆయిల్ మొత్తమే అర లీటరుకు కొంచెం ఎక్కువ, అందుకే కొద్దిగా తగ్గినా తేడా తెలుస్తుంది. యంత్రాన్ని చదునైన చోట పెట్టి, డిప్‌స్టిక్‌ను (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మర తిప్పకుండా ఊరికే దింపి చూడాలి.

ఇంజిన్ ఆడుతున్నా నేలకు చిల్లులు వేసే పళ్లు తిరగకపోతే బెల్ట్ వదులైనట్టు, లేదా చైన్ జారినట్టు. ఇవి పెద్ద పనులు కావు. మరొకరి ఇంట్లో యంత్రం కప్పలా గెంతుతోందని ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే నేల రాయిలా ఉంది. ముందురోజు నీళ్లు పెట్టాక అదే యంత్రం రెండున్నర అంగుళాల మట్టి ముక్కలను తీసి పడేసింది. పళ్లలో ఇరుక్కున్న మట్టిని తీసేముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. యంత్రాన్ని ఎయిర్ ఫిల్టర్ కిందికి వచ్చేలా వాల్చకండి. ఒకరు అలా వాల్చితే ఫిల్టర్లోకి ఆయిల్ దిగి వీధంతా పొగే, పక్కింటావిడ 911 అత్యవసర నంబరుకు ఫోన్ చేయబోయింది. లాన్‌కు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ తలల దగ్గర గుర్తుగా జెండాలు పాతడం కూడా మరవద్దు. ఈ ఏడాది రెండు పగిలాయి.

వచ్చే ఏడాదికి తీర్మానం: సీజన్లో చివరగా వాడినవారు గ్యాస్ వాల్వ్ కట్టేసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడపాలి. ట్యాంకులో మిగిలింది కూడా ఖాళీ చేసి, ఆ తేదీని పుస్తకంలో రాయాలి. పళ్లు బాగా అరిగాయి, కొత్త సెట్టుకు జనరల్ బాడీ అనుమతి కావాలి. ఇంకో విన్నపం. ప్లగ్ విప్పే 13/16 అంగుళాల సాకెట్ అక్టోబర్ నుంచి కనబడటం లేదు. ఎవరి గ్యారేజ్‌లో ఉన్నా సరే, పేరు చెప్పక్కర్లేదు, మా పోర్చ్ మీద పెట్టి వెళ్లండి.