టర్కీ పెట్ట పిల్లల్ని చేసింది రా!

ఒరేయ్ రాంబాబూ,

సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి మే నెలలో జవాబిస్తున్నాను. తిట్టుకో, కానీ చివరిదాకా చదువు. అమ్మ మోకాళ్లు ఇప్పుడు ఫరవాలేదు. పిల్లాడికి ముందు పళ్లు ఊడాయి. స్కూల్లో పరీక్షలు, పేపర్లు దిద్దడం, నెలాఖరుకి సెలవులు. మీ అమ్మాయి ఇంటర్ మార్కులు వదిన ఫోన్లో చెప్పింది, ఎంత సంతోషమేసిందో. దానికి విడిగా రాస్తాను. ఇంక అసలు సంగతికి వచ్చేస్తున్నా, ఆగలేకపోతున్నాను.

మా టర్కీ పెట్ట పిల్లల్ని చేసింది రా! నా కళ్లతో చూశాను.

ఫారాల్లో మేపే టర్కీ కోడి అనుకునేవు. ఇది ఇక్కడ అమెరికాలో, మా జార్జియా రాష్ట్రంలో అడవిది. పొడుగు కాళ్లు, ఎండపడితే ఈకలు రాగి రంగులో మెరుస్తాయి. రాత్రి పైన్ చెట్ల మీదకెగిరి పడుకుంటుంది. కానీ గుడ్లు పెట్టేది మాత్రం నేలమీదే, ఏ గడ్డి దుబ్బు పక్కనో, ఎండుటాకుల్లో చిన్న గుంట చేసుకుని. రోజుకొకటి చొప్పున పది పన్నెండు గుడ్లు. మన కోడికి 21 రోజులైతే దీనికి 28. అన్నాళ్లూ నేలమీద, ఒంటరిగా, చుట్టూ రాత్రిపూట తిరిగే దొంగల మధ్య కూర్చోవాలి. మీ అమ్మ పొదగేసిన పెట్టని గంప కింద మూసి, పైన రోలు పొత్రం పెట్టేది గుర్తుందా? దీనికి గంపా లేదు, పొత్రమూ లేదు.

మా ఇంటి ఓనరు పెద్దాయన గురించి రాశాను కదా, ఊరవతల పైన్ తోటలున్నాయని. పోయినేడు వసంతంలో ఆయన నన్ను తోటలోకి తీసుకెళ్లి పాడైపోయిన గూడొకటి చూపించాడు. పెంకులు గూడు చుట్టూ చితికి పడున్నాయి. "ఇది రకూన్ పని," అన్నాడు. రకూన్ అంటే పిల్లికన్నా కాస్త పెద్దది, రాత్రిపూట తిరిగి గుడ్లు తినే జంతువు. పాము మింగితే పెంకే మిగలదట. కాకి అయితే పొడిచి బెజ్జం చేస్తుంది. ఆ పెంకులు చేతిలోకి తీసుకున్నాను, మీగడ రంగు మీద గోధుమ చుక్కలు. ఒకదానిలో పిల్ల సగం తయారై ఉంది. ఆ రాత్రి అన్నం సహించలేదు రా. ఈసారి నేనూ వస్తానని చెప్పాను.

ఫిబ్రవరి చివర్నించి ఏప్రిల్ దాకా, అంటే పెట్టలు గూడు కట్టే ముందూ కట్టేటప్పుడూ, రకూన్లకి ఉచ్చులు పెట్టాలి. శీతాకాలంలో పట్టుకుంటే లాభం లేదు, ఖాళీ అయిన చోటికి పక్క తోటల రకూన్లు వచ్చేస్తాయి. ఈ ఉచ్చు పేరు డాగ్ ప్రూఫ్. నేలలో గుచ్చిన చిన్న ఇనుప గొట్టం, లోపల స్ప్రింగు, అడుగున తీపి మిఠాయి, మార్ష్‌మెలో. రకూన్ చెయ్యి పెట్టి దేన్నైనా లాక్కునే రకం. చెయ్యి దూర్చి పైకి లాగగానే స్ప్రింగు పట్టేస్తుంది. కుక్క పాదం అందులో దూరదు, పిల్లికి ఆ తీపి అక్కర్లేదు. మన వైపు పందుల కోసం చేలగట్ల మీద కరెంటు తీగలు పెట్టి మనుషుల్నీ బర్రెల్నీ చంపుకుంటున్నారే, అది తలుచుకుని ఈ గొట్టాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. ఏ జంతువు కావాలో దాన్నే పట్టడం, మిగతావాటి జోలికి పోకపోవడం, అసలు పనితనమంతా అక్కడే ఉంది. 24 గంటల్లోగా ఉచ్చు చూడాలని ఇక్కడ చట్టం. పెద్దాయన తెల్లారకముందే బయల్దేరతాడు, వానైనా సరే. నేను స్కూలుకి వెళ్లేలోపు వెంట తిరిగేవాణ్ణి.

మొదటిది పడిన పొద్దున చెప్తా విను. పొగమంచు. వాగు ఒడ్డున ఒక చెయ్యి గొట్టంలో పెట్టుకుని కూర్చుని ఉంది. మొహాన నల్ల గంత. మమ్మల్ని చూసి అరవలేదు, ఊరికే చూసింది. నాకు ఠక్కున గొడుగు మాస్టారు గుర్తొచ్చారు, అదే చూపు! నువ్వు ఇప్పుడు పడీ పడీ నవ్వుతున్నావని తెలుసు, కానీ నాకు అప్పుడు నవ్వు రాలేదు. పెద్దాయన చిన్న తుపాకి తీశాడు. "దూరంగా తీసుకెళ్లి వదిలేద్దాం," అన్నాను.

ఆయన తుపాకి దించి ట్రక్కు అంచుమీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. 1970ల చివర్లో వేటగాళ్ల సరదా కోసం ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల నుంచి రకూన్లను పట్టుకెళ్లి వర్జీనియా వైపు వదిలారట. వాటితో రేబిస్ కూడా వెళ్లింది. అక్కణ్ణించి తూర్పు తీరమంతా పాకి, కొత్త రాష్ట్రాలకు కొత్త రోగం అంటుకుంది. అందుకే పట్టినదాన్ని ఇంకోచోట వదలడమనేది దయ కాదన్నాడు. ఆ తర్వాత నేను ఏమీ అనలేదు. తల తిప్పుకోనూ లేదు. చూడాలనే అనుకున్నాను, ఎందుకంటే... సరే, అది నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఉత్తరంలో సరిగ్గా రాదు.

ఒకటి మాత్రం రాస్తాను. రకూన్ చేసిన తప్పేమీ లేదు. దాన్ని ఇంతగా పెంచింది మనుషులే. ఒకప్పుడు బొచ్చుకి మంచి ధర ఉండేది, 1980ల చివర్లో ఆ బజారు పడిపోయింది, ఉచ్చులు పెట్టేవాళ్లు మానేశారు. ఇటు చెత్తకుండీలు, కోళ్లఫారాలు, జింకల వేట కోసం పెట్టే మొక్కజొన్న ఫీడర్లు. ఏడాదంతా తిండి. పైగా టర్కీని తుడిచిపెట్టిందీ మనుషులే, మళ్లీ తెచ్చిందీ మనుషులే. ఒకప్పుడు వేటాడీ అడవులు నరికీ దాదాపు లేకుండా చేశారు. తర్వాత ఎర చల్లి, వాటి మీదకి వల ఫిరంగితో పేల్చి పట్టి, కొత్త అడవుల్లో వదిలారు. జార్జియాలో 1973లో 17,000 మాత్రమే ఉన్నవి మూడు లక్షలు దాటాయి. ఇప్పుడు మళ్లీ పిల్లలు నిలవడం లేదు. పెట్టకి సగటున రెండు పిల్లలైనా బతికితేనే మంద నిలుస్తుందని ఇక్కడివాళ్ల లెక్క, అది అందడం లేదు. 2022లో వేటగాడికి సీజన్లో మూడు పుంజులని ఉన్న పరిమితి రెండుకి తగ్గించారు, వేట మొదలయ్యే తేదీని కూడా ఆలస్యం చేశారు.

దక్షిణ డకోటా రాష్ట్రంలో 2019లో రకూన్, కంపు చిమ్మే స్కంక్ లాంటి గుడ్లు తినే జంతువుల తోక తెస్తే 10 డాలర్లు ఇచ్చే పథకం పెట్టారు, అక్కడ ఫెజెంట్ పక్షులు, బాతుల కోసం. నాకది నచ్చలేదు రా. రాష్ట్రమంతా అక్కడొకటి ఇక్కడొకటి పట్టి తోకలు లెక్కపెడితే ఏ గూడు నిలుస్తుంది? ఇదే భూమిలో, ఇదే నెలల్లో, ప్రతి ఏడూ పట్టుకుంటేనే గుడ్లకి ఆ 28 రోజులు దొరుకుతాయి. అదీ చాలదు. పైన్ తోటలో నేలమీది చెత్తనీ పొదలనీ రెండు మూడేళ్లకోసారి పద్ధతిగా కాలిస్తే కిందంతా గడ్డీ పూలమొక్కలూ లేస్తాయి. పెట్ట దాక్కోవాలన్నా, పిల్లలు పురుగులు ఏరుకోవాలన్నా ఆ గడ్డే దిక్కు. జార్జియా యూనివర్సిటీలో మైక్ చాంబర్లేన్ అనే ప్రొఫెసర్ పెట్టలకు జీపీఎస్ కట్టి ఏళ్లుగా వాటి వెంట పడ్డాడు. ఆయన చెప్పేవి వింటే పెట్ట ఎక్కడ తిరుగుతుందో, ఎప్పుడు గూట్లోంచి లేస్తుందో తెలిసిపోతుంది. పెద్దాయన పోయిన శీతాకాలం కాల్చిన ముక్క పక్కనే మన పెట్ట కూర్చుంది!

గూటి దగ్గరికి నన్ను పోనివ్వలేదు పెద్దాయన. గుడ్లు పెట్టే రోజుల్లో మనిషి అలికిడైతే పెట్ట వదిలేసి పోతుందట. దూరంనించి బైనాక్యులర్స్‌లోంచే. మొదట నాకు ఆకులు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఒక కన్ను కనపడింది. అంతే, మిగతా పెట్టంతా దాని చుట్టూ తేలింది. రోజుకోసారి లేచి కాస్త మేసి వస్తుంది. వానరోజుల్లో నాకు గుండె దడ, తడిసిన పెట్ట వాసన దొంగలకి తొందరగా తగులుతుందని ఇక్కడ వేటగాళ్లందరూ అంటారు. వాగు అవతల రెండో గూడు పోయింది. పెంకు ముక్క కూడా లేదు, పామే. ఎలుకల పాము. విషం లేని పాముల్ని ఇక్కడ చంపకూడదు, చంపాలనీ లేదు నాకు.

నిన్న పొద్దున గూడు ఖాళీ. నా ప్రాణం పోయింది. పెద్దాయన భుజం తట్టి కాల్చిన తోట ముక్కవైపు చూపించాడు. పెట్ట మెడ చాచి నడుస్తోంది, వెనక గడ్డి కదులుతోంది. ఒకటి, మూడు, ఆరు... ఎనిమిదిదాకా లెక్కపెట్టాను, మళ్లీ తప్పిపోయాను. పిడికెడేసి ఉన్నాయి. పెట్ట ఆగి ఏదో గొణిగితే అన్నీ నేలకి అతుక్కుపోయాయి. రాంబాబూ, నేను ఏడ్చాను రా. పెద్దాయన కూడా టోపీ కళ్లమీదకి లాక్కున్నాడు.

ఇంకా గండం గడవలేదు. రెండు వారాలదాకా కొమ్మకి ఎగరలేవు, రాత్రుళ్లు నేలమీదే తల్లి రెక్కల కింద. నక్క, అడవిపిల్లి లాంటి బాబ్‌క్యాట్, తోడేలు లాంటి కోయోట్, గద్ద, చలివాన, అన్నీ ఉన్నాయి. చాలా పిల్లలు ఈ రోజుల్లోనే పోతాయి. ఇద్దరో ముగ్గురో మిగిలినా చాలు...

ఆఁ, మరిచాను, ఉచ్చులు పెడుతూ పక్కనే ఫీడర్లో మొక్కజొన్న పోయడమేమిటని నెలరోజులుగా పెద్దాయనతో వాదిస్తున్నాను. రకూన్లకి భోజనం మనమే పెడుతున్నాం కదా! ఆయన కొడుకులకి జింకల వేట ముఖ్యం, ఇంట్లో పెద్ద గొడవే అయింది. మొత్తానికి ఒప్పుకున్నాడు. ఇవాళ ఫీడర్ పీకడానికి వెళ్తున్నాం, అదుగో ట్రక్కు హారన్ కూడా కొట్టేస్తున్నాడు. ఆ పొలం కాగితాల సంగతి, వచ్చేనెల టికెట్ల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. వదినకి నమస్కారాలు. నువ్వు మాత్రం వెంటనే జవాబు

నీ,
శీను