కమీషన్ ఏజెంట్లకు ప్రతి ఖర్చుకూ బిల్లు చూపించకుండా పన్ను కట్టే వెసులుబాటు ఎందుకు లేదు?

సంపాదకులకు నమస్కారం.

రిటర్నులు వేసే రోజులు దగ్గరపడితే మీ పత్రికలో పన్నుల గురించి చాలా వస్తుంది. ఉద్యోగులకు, పింఛనుదార్లకు, దుకాణాల వాళ్లకు పనికొచ్చే సంగతులు ఉంటాయి. ప్లాట్లు, పొలాలు చూపించి కమీషన్ మీద బతికే మా గురించి మాత్రం కనబడదు. నేను జడ్చర్ల, భూత్పూర్, షాద్‌నగర్ చుట్టుపక్కల ఈ పనే చేస్తాను. అంతకుముందు ఎల్‌ఐసీ ఏజెంటుగా చేశాను. రెండు చోట్లా కమీషనే ఆదాయం. అందుకే మాకు జరుగుతున్న అన్యాయం గురించి రాయాలనిపించింది.

పాత ఆదాయపు పన్ను చట్టంలో చిన్న వ్యాపారుల కోసం 44ఏడీ అనే సెక్షన్ పెట్టారు. ఏడాది అమ్మకాలు 2 కోట్లు దాటని కిరాణా షాపాయన ప్రతి ఖర్చుకూ బిల్లు చూపించక్కర్లేదు. అమ్మకాల్లో కనీసం 8 శాతం, బ్యాంకులోనో ఫోన్‌పేలోనో పడ్డ సొమ్ము మీదైతే 6 శాతం లాభంగా చూపిస్తే సరిపోతుంది. డాక్టర్లు, వకీళ్లు, ఇంజినీర్ల వంటి వాళ్లకు 44ఏడీఏ ఉంది. 50 లక్షల లోపు ఫీజులో సగం ఆదాయంగా చూపిస్తే మిగతా సగం ఖర్చు కింద పోతుంది, లెక్క అడగరు. లారీలు నడిపేవాళ్లకు కూడా వేరే సెక్షన్ ఉంది. కమీషన్, బ్రోకరేజీ సంపాదించేవాళ్లకు 44ఏడీ వర్తించదని మాత్రం 2012 ఫైనాన్స్ చట్టంతో తేల్చేశారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ మా మీద ఉన్న ఈ అడ్డు అట్లనే ఉంది. ఇంటికి లోపల హంగులు చేసే ఇంటీరియర్ డెకరేటర్‌కు సగం ఖర్చు కింద వదిలేస్తారు. ఆ ఇంటికి స్థలం చూపించిన మనిషి మాత్రం పెట్రోలు చుక్కకు కూడా లెక్క చెప్పాలి.

లెక్క చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పని కోసమే పెట్టిన ఖర్చయితే తీసేసుకోవచ్చని చట్టం చెబుతోంది. అది న్యాయమే. పెట్రోలు, ఫోను బిల్లు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆఫీసు గది కిరాయి, బండి మీద ఏడాదికి 15 శాతం తరుగుదల, కంప్యూటర్ మీద 40 శాతం, బండి అప్పు మీద వడ్డీ, అన్నీ చూపించుకోవచ్చు. ఇంట్లోవాళ్లు కూడా ఆ బండి వాడితే ఆ మేరకు తగ్గించుకోవాలి. ఇక్కడిదాకా మా ఆడిటరు దగ్గర ఇబ్బంది లేదు. బిల్లే పుట్టని ఖర్చులతోనే తిప్పలంతా.

ఆదివారం హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం ప్లాటు చూడటానికి వస్తుందనుకోండి. ముందురోజే ఇద్దరు కూలీలను పెట్టి సర్కారు తుమ్మ కొట్టించాలి. లేకపోతే హద్దురాళ్లే కనబడవు, కొనేవాళ్లకు తమ ప్లాటు ఎక్కడి నుంచి ఎక్కడిదాకో తెలియదు. కూలీ ఏం బిల్లు ఇస్తాడు? వచ్చినవాళ్లను తిప్పడానికి కారు కిరాయికి తీసుకుంటే డ్రైవరుకు డబ్బులు చేతికే. నీళ్ల సీసాలు, చాయ్, హైవే మీద భోజనం మన ఖర్చే. సాయంత్రం దాకా ఎండలో తిరిగి, పెద్దాయన దిక్కులు చూసుకుని, ఇంట్లో మాట్లాడుకుని చెప్తామని వెళ్తారు. ఎక్కువమంది మళ్లీ ఫోన్ చేయరు. అట్ల ఎన్నో ఆదివారాలు పోతే ఒక బయానా చేతికొస్తుంది. ఆ ఒక్క కమీషన్‌లోంచే అన్ని ఆదివారాల ఖర్చూ తీరాలి. మా పనిలో ఖర్చేముంటుంది, నోటి మాటే కదా అనేవాళ్లు ఒక్కసారి మాతో వచ్చి చూడాలి.

దీన్ని మించింది కమీషన్ పంచుకోవడం. ఊళ్లో పొలం బేరం ఒక్కరి వల్ల కాదు. రైతును కలిపినవాడొకడు, అన్నదమ్ముల మధ్య మాట కుదిర్చిన పెద్దమనిషొకడు, కొనేవాళ్లను తెచ్చిన మనిషి ఇంకొకరు. వెంచర్ ప్లాట్లలోనూ ఇదే వరస. కంపెనీ మాత్రం మొత్తం కమీషన్ ఒక్కరి పాన్ మీదే వేస్తుంది. పాత చట్టంలో 194హెచ్ అని ఉన్న సెక్షన్ ప్రకారం టీడీఎస్ (డబ్బు ఇచ్చే ముందే కోసుకునే పన్ను) పట్టుకుంటుంది. ఇది ఇదివరకు 5 శాతం, 2024 అక్టోబరు 1 నుంచి 2 శాతం. నా పాన్ మీద పడ్డ సొమ్ము, పట్టిన పన్ను చూపించే 26ఏఎస్ అనే కాగితంలో పడేదంతా నా ఆదాయంగానే లెక్క, అందులో ముగ్గురికి వాటా ఉందని ఆ కాగితానికి తెలియదు. వాటాలు ఖర్చుగా చూపించాలంటే బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వాలి. ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు. నేను ఫోన్‌పే కొడతానంటే, వాటా కోసం రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద నిలబడ్డ మనిషి అంటాడు: "అక్కా, నా పేరు యాడ రాయకు. పైసలు చేతికియ్యి. రేషన్ కార్డు పోతే నా ఇంట్ల కొట్లాట నువ్వు చూస్తవా?" ఆయన భయం ఆయనది. తప్పు పట్టలేను. కానీ ఆ పైసల మీద పన్ను నా నెత్తిన పడుతుంది.

12 లక్షల వరకు పన్నే లేదు కదా, ఇంకెందుకు బాధ అని చాలామంది అడుగుతారు. నిజమే, 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఆ రిబేటు (పన్ను మాఫీ) ఉంది. మంచి పని చేశారు. అయితే ఒక లెక్క చూడండి. ఒక ఏజెంటు పాన్ మీద ఏడాదికి 15 లక్షల కమీషన్ పడింది. వాటాలకు, తిరుగుళ్లకు 8 లక్షలు పోయి చేతిలో 7 లక్షలు మిగిలాయి. ఖర్చులన్నీ ఒప్పుకుంటే పన్ను సున్నా, పట్టుకున్న 30,000 టీడీఎస్ కూడా వెనక్కి వస్తుంది. కాగితాల్లేవని ఖర్చులన్నీ కొట్టేస్తే 15 లక్షల మీద సెస్సుతో కలిపి 1,09,200 కట్టాలి. మనిషి అదే, సంపాదన అదే. ఉద్యోగికి కొత్త విధానంలో కూడా 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఏ రసీదూ లేకుండా ఇస్తున్నారు. మాకు అదీ లేదు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఏజెంటు లెక్కల పుస్తకాలు పెట్టాల్సిందే కదా అని ఒక ఆడిటరు నాతో వాదించారు. పెట్టాలి, పెడుతున్నాం కూడా. పుస్తకంలో రాయడం మా చేతిలో పని. దానికి తగ్గ బిల్లు అవతలివాడు ఇవ్వాలి. ఇయ్యనివాడి దగ్గర ఎక్కడి నుంచి తెస్తాం?

కమీషన్ మనుషులకు ఇట్లాంటి వెసులుబాటు కుదరదనడానికి లేదు, ఇదివరకు ఇచ్చారు. ఎల్‌ఐసీ, యూటీఐ, పోస్టాఫీసు పొదుపు పథకాల ఏజెంట్లలో ఏడాది కమీషన్ 60,000 లోపు ఉండి, వివరంగా లెక్కలు పెట్టనివాళ్లకు గంపగుత్తగా ఖర్చు తగ్గించుకోవచ్చని 1990లలో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్లు ఇచ్చింది. బీమా ఏజెంటుకైతే మొదటి ఏడాది కమీషన్‌లో సగం, రెన్యూవల్ కమీషన్‌లో 15 శాతం, అంతా కలిపి 20,000 వరకు. ఇంటింటికీ తిరిగే మనిషి బస్సు టికెట్లు దాచుకోలేడని ఆ రోజు బోర్డుకు తెలిసింది. స్థలాలు చూపించడానికి తిరిగేది కూడా అట్లాంటి మనుషులే.

ముందస్తు పన్ను కూడా మా పనికి పొసగదు. 44ఏడీలో ఉన్నవాళ్లు మార్చి 15కు ఒక్కసారి కడితే చాలు. మేము జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చిలో నాలుగు విడతలు కట్టాలి. సెప్టెంబరు 15కే 45 శాతం కట్టేసి ఉండాలి. ఆషాఢంలో ఎవరూ బయానా ఇవ్వరు, మూఢం వస్తే అంతే, పెత్రమాస దాకా బేరాలు పలచగానే ఉంటాయి. దసరా దాటితే గానీ రిజిస్ట్రేషన్లు ఊపందుకోవు. ఏడాది ఎట్లా గడుస్తుందో తెలియకముందే దాదాపు సగం పన్ను కట్టమంటే ఎట్లా? తక్కువ కడితే వడ్డీ వేస్తారు.

సర్కారుకు ఒక అనుమానం ఉండొచ్చు. కమీషన్‌లో సరుకు కొనే ఖర్చు లేదు కాబట్టి 6 శాతమో 8 శాతమో లాభం అంటే మరీ తక్కువ. ఒప్పుకుంటాను, మేము 8 శాతం అడగడం లేదు. డాక్టర్లకు, వకీళ్లకు పెట్టినట్టు సగం ఆదాయంగా లెక్కేయండి. రెరాలో రిజిస్టరైన ఏజెంట్లకే ఇవ్వండి, దానివల్ల రిజిస్టరు కానివాళ్లు కూడా ముందుకొస్తారు. నగదు రూపంలో వచ్చిన కమీషన్‌కు వద్దు, బ్యాంకులో పడ్డదానికే ఇవ్వండి. 20 లక్షల లోపు వాళ్లతో మొదలుపెట్టినా చాలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న ఏజెంట్లంతా దాని కిందికే వస్తారు.

ఇది జరిగేదాకా తోటి ఏజెంట్లకు, ముఖ్యంగా ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఆడవాళ్లకు ఒక మాట. తిరిగిన రోజే డైరీలో తేదీ, ఊరు, ఎవరికి చూపించారు, ఎన్ని కిలోమీటర్లు రాసుకోండి. కూలీకి ఇచ్చినా వోచరు మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. వాటాలు ఫోన్‌పేలోనే ఇస్తామని బేరానికి ముందే చెప్పండి. రిజిస్ట్రేషన్ రోజు చెబితే ఎవరూ వినరు.

బడ్జెట్‌కు ముందు ఆర్థిక మంత్రిత్వ శాఖ అందరి దగ్గరా సలహాలు తీసుకుంటుంది. నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, నల్గొండ ఎంపీలు ముగ్గురూ ఈ సంగతి అక్కడ చెప్పాలని, లోక్‌సభలోనూ అడగాలని కోరుతున్నాను. అంతకంటే ముందు మీ పత్రికలో పన్నుల గురించి రాసే నిపుణులు మా మీద ఒక వ్యాసం రాస్తే, మా ఆడిటర్ల ముందు పెట్టి మాట్లాడుకోవడానికి మాకో ఆధారం దొరుకుతుంది.

ఇట్లు,
ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటు, జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా