శీనూ, మన పిన్నిగారి ఆల్బమ్ సంగతి విను

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకోకు. దసరాకి బీసెంట్ రోడ్డు ఎలా ఉంటుందో తెలుసుగా, కొట్లో తిండికి కూడా తీరిక లేదు. అమ్మ మోకాళ్లు కాస్త నయం. చెల్లి పరీక్షలు అయిపోయాయి. మన 'కలెక్టర్' మళ్లీ బండి కొన్నాడు, ఏ రంగో నీకు చెప్పక్కర్లేదు.

అసలు సంగతి. సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి వెళ్తున్నానని చెప్పానుగా, అక్కడ ఎవరు చేరారో తెలుసా? సింగ్‌నగర్ పిన్నిగారు! మన యూనిఫారాలు కుట్టిన ఆవిడేరా, నీ నిక్కరు జేబు గుర్తుందా? అమెరికాలో మనవరాలికి తెలుగు రాదట. వీడియో కాల్లో దానితో మాట్లాడాలని వస్తున్నారు.

ఎదుటివాళ్లు ఏదైనా చెబితే వెంటనే ఏమనాలో ఈ వారం నేర్పారు. మనందరం దేనికైనా 'ఈజ్ ఇట్?' అంటాం కదా, అలా కాదట. 'ఐ బాట్ ఎ బైక్' అంటే 'డిడ్ యూ?' అనాలి. 'షి లివ్స్ ఇన్ గుంటూర్' అంటే 'డజ్ షి?'. అదీ గొంతు కాస్త లేపి. దించేస్తే వినడం ఇష్టం లేనట్టుంటుంది. దాంతోపాటు 'ఇఫ్' వాక్యాలు. జరిగిపోయినదాని గురించైతే 'ఇఫ్' ఉన్న సగంలో 'హ్యాడ్', రెండో సగంలో 'వుడ్ హ్యావ్'. ఒకరు వాక్యం చెప్పాలి, పక్కవాళ్లు అందుకోవాలి. అందరూ తప్పిపోయిన బస్సు, ఓడిపోయిన మ్యాచ్, ఇవే చెప్పారు.

నిన్న పిన్నిగారి వంతు. చేతిరుమాలు వేలికి చుట్టుకుంటూ ఆగి ఆగి అన్నారు: 'ఇఫ్ ఐ హ్యాడ్ కెప్ట్ ద ఆల్బమ్ ఆన్ ద అటక, ఐ వుడ్ హ్యావ్ ఇట్ నౌ.'

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు వాళ్లిల్లు కిటికీల దాకా మునిగిందిరా. పెళ్లి ఆల్బమ్ బీరువా కింది అరలో ఉందట. బాబాయిగారి ఫోటోలన్నీ అందులోనే.

క్లాసంతా గప్‌చుప్. బోర్డు మీద 'రియల్లీ?', 'ఓ నో!', 'దట్స్ టూ బ్యాడ్' రాసి ఉన్నాయి. ఆవిడ పక్కన కూర్చున్న ఇంటర్ కుర్రాడు అటు చూడనే లేదు. 'వాట్ వాజ్ ఇన్ ఇట్, ఆంటీ?' అన్నాడు. అంతే, ఆవిడ మొదలెట్టారు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. బాసికం జారి ముక్కు మీదికొచ్చిన ఫోటో, తలంబ్రాలప్పుడు బాబాయిగారు పీట మీంచి లేచిపోయిన ఫోటో... మధ్యలో నవ్వారు కూడా. వాడు 'డిడ్ హి?', 'వర్ యూ?' అంటూ ప్రతిదాన్నీ సరిగ్గా అందుకున్నాడు. ఎంత ముచ్చటేసిందో!

సార్ ఆవిడ వాక్యాన్ని అటకతో సహా బోర్డెక్కించారు. మొదటి సగం అప్పటిది, రెండోది ఇప్పటిది, దీన్ని మిక్స్‌డ్ కండిషనల్ అంటారు, నేనింకా చెప్పనే లేదు అన్నారు. చెప్పని పాఠం ఆవిడ నోట ఎలా వచ్చిందిరా? రాత్రి నిద్రపట్టక అదే... సరే, అది కలిసినప్పుడు.

నీతో పనుంది. ఆ పెళ్లికి మీ అమ్మగారు వెళ్లారట, పెళ్లికూతురి పక్కనే ఉన్నారట. మీ ట్రంకు పెట్టెలో పాత ఫోటోలున్నాయిగా, వెతికించు. ఒక్కటి దొరికినా చాలు. పిన్నిగారికి నేనేమీ చెప్పలేదు, నువ్వూ నోరు జారకు. మావయ్య బయట హారన్ కొడుతున్నాడు, సరుకు దించాలి. ఫోటో దొరికితే అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి.

నీ
రాము