ఫైలు మూసేలోపే అడగండి: ప్రణాళికా శాఖ కార్యదర్శికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

మా పరిశోధన నివేదికలు మీ బీరువాల్లో మూలుగుతున్నాయంటే సగం తప్పు మాదే. నిర్ణయం అయిపోయిన నెలకు నూరు పేజీలు పంపుతాం.

మీరు ముందుగా ప్రశ్నలు బయటపెట్టండి. శాస్త్రవేత్త పాల్ నర్స్ 2015లో పరిశోధన మండళ్లపై చేసిన సమీక్ష సూచన మేరకు బ్రిటన్‌లో శాఖలు తమకు జవాబు కావలసిన ప్రశ్నల జాబితాలు ప్రచురిస్తున్నాయి. "పోషకాహారంపై పరిశోధన కావాలి" అంటే మాకేమీ అర్థం కాదు. ఏ వయసు పిల్లలకు, ఎంత ఖర్చులో, ఏ తేదీలోగా తేలాలో రాయండి.

మేం 1:3:25 పద్ధతిలో ఇస్తాం: ఒక పేజీ ముఖ్యాంశాలు, మూడు పేజీల సారాంశం, 25 పేజీల నివేదిక. మొదటి పేజీలో పద్ధతుల గొడవ ఉండదు.

అంకెల దగ్గరే అసలు చిక్కు. "ముప్పు 50% తగ్గింది" అన్న మాట మంత్రిగారి ప్రసంగంలోకి ఇట్టే దూకుతుంది. వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికే వచ్చినా అది 50 శాతమే! ఎంత శాతం తగ్గింది, వెయ్యికి ఎందరు తగ్గారు అన్న రెండు లెక్కలూ పక్కపక్కన లేని ఫైలు నోటును తిప్పి పంపండి. ఒకే అధ్యయనం పట్టుకొచ్చిన వాళ్లను (మమ్మల్ని సైతం) మిగతావి ఏమంటున్నాయని నిలదీయండి.

మా సలహా కాదంటే కాదనండి. ఎందుకు కాదన్నారో ఫైల్లో రెండు వాక్యాలు రాయించండి, చాలు.

ఇట్లు,
విధాన పరిశోధకులు